అరచేతిలో ఉప్పు

బస్సు డిపో క్యాంటీన్‌లో వంట మాస్టరు అంటే ఆషామాషీ మనిషి కాదు. డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు అందరూ కలిపి రోజుకు నూట అరవై మంది ఆయన చేతి వంట తినే బండెక్కుతారు. డిపో మేనేజరు మాటకైనా అడ్డు చెప్పినవాళ్ళున్నారు గానీ, కూరలో ఉప్పు గురించి మాస్టరుకు ఎదురు చెప్పిన మొనగాడు ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్కడూ లేడు. గరిటెతో సూపు తీసి ఎడమ అరచేతిలో పోసుకుంటాడు. ఒక్కసారి జుర్రి కళ్ళు మూసుకుంటాడు. "ఇంకో గుప్పెడు" అన్నాడంటే గుప్పెడే. "చాలు" అన్నాడంటే ఆ గిన్నె జోలికి ఇక ఎవరూ పోకూడదు. చెంచాతో చూడొచ్చు కదా అని ఎవరైనా అంటే మాస్టరుకు ఒళ్ళు మండేది. చెంచాతో చూస్తే ఇనుము రుచి తగులుతుందట. తండ్రి నేర్పిన విద్య మరి. ఆయనా ఈ క్యాంటీన్‌లో వంటవాడే.

మాస్టరుకు కుడిభుజం బావమరిది, అంటే భార్య తమ్ముడు. పదమూడేళ్ళుగా అక్కడే రెండో వంటవాడు. కూరగాయలు తరుగుతాడు, బియ్యం కడుగుతాడు, వంద లీటర్ల గిన్నెలు ఒంటిచేత్తో దింపుతాడు. కానీ ఉప్పు డబ్బా మూత తీసే భాగ్యం మాత్రం ఏనాడూ దక్కలేదు.

"నీ నాలుకా చెప్పు అడుగూ ఒకటేరా" అనేవాడు మాస్టరు.

"నాలుకంతా నీకే ఇచ్చాడు బావా దేవుడు. నాకు జుట్టిచ్చి సరిపెట్టాడు" అనేవాడు వాడు, మాస్టరు బట్టతల వంక చూస్తూ.

ఇలా రోజులు హాయిగా గడిచిపోతుండగా డిపోలో డ్రైవర్లకు ఆరోగ్య పరీక్షలు పెట్టారు. నర్సు ఖాళీగా ఉంది కదా అని మాస్టరు కూడా వెళ్ళి సరదాగా చెయ్యి చాపాడు. నర్సు పట్టీ చుట్టింది, గాలి కొట్టింది, మొహం చిట్లించింది, మళ్ళీ కొట్టింది. రక్తపోటు పై అంకె నూట అరవై ఎనిమిది, కింది అంకె నూట నాలుగు. మాస్టరు మెషీను పాడైందన్నాడు. పక్కనున్న డ్రైవరుకు కొట్టి చూస్తే మెషీను నిక్షేపంలా ఉంది. ఆ మాట బావమరిది సాయంత్రానికల్లా అక్క చెవిలో వేశాడు.

మాస్టరు భార్య ఒక బట్టల దుకాణంలో కొలతలు తీసుకుని చొక్కాలూ ప్యాంట్లూ కుట్టే మనిషి. మెడలో టేపు లేకుండా ఆవిణ్ణి ఎవరూ చూసి ఉండరు. ఏ సంగతినైనా కొలిస్తే గానీ నమ్మే రకం కాదు. భర్త నూరు ఆరైనా రానని మొరాయించినా, మర్నాడే డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టింది. ఎందుకు కూర్చోబెట్టదు? మామగారు యాభై నాలుగో ఏట పొయ్యి ముందు ఛాతీ పట్టుకుని కూలబడిపోతే, మోసుకొచ్చిన మనుషులకు తలుపు తీసింది ఆవిడే. మాస్టరుకిప్పుడు యాభై మూడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనరు.

డాక్టరమ్మ గుండె ఫోటో తీయించి చూపించింది. "మీ గుండె రోజంతా బిగుసుకుపోయిన తలుపును తోస్తోంది. అలా తోసీ తోసీ గోడ కొంచెం మందమైంది. చేతికి కండ పడితే మంచిదే, గుండెకు ఇలా పడితే మంచిది కాదు. ఇలాగే వదిలేస్తే ఒకరోజు అది చేతులెత్తేస్తుంది. ఇప్పుడే పట్టుకున్నాం కాబట్టి ఆపొచ్చు" అంది. రోజుకో మాత్ర రాసింది. సిగరెట్లు బంద్, రోజూ అరగంట నడక, బరువు తగ్గాలి, కూరగాయలూ పండ్లూ ఎక్కువ తినాలి. ఉప్పు సంగతి చివర్న చెప్పింది. రోజు మొత్తం మీద ఒక చిన్న చెంచాకు లోపే.

"చిన్న చెంచా అంటే?" అంది మాస్టరు భార్య. డాక్టరమ్మ సొరుగులోంచి టీ చెంచా తీసి చూపిస్తే, ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, వెడల్పు టేపుతో కొలుచుకుంది.

అప్పట్నుంచి మాస్టరు బతుకు మారిపోయింది. ఇంట్లో ఉప్పు డబ్బా మాయమైంది. చిప్స్ పొట్లాలు, ఉప్పు పల్లీలు, సాసు సీసాలు వీధి చెత్తకుండీలోకి పోయాయి. ఆవిడ కూరలో నిమ్మకాయ పిండేది, మిరియాలు చల్లేది, వెల్లుల్లి వేసేది, ఉప్పు మాత్రం వేసేది కాదు. ఊరందరికీ రుచి చెప్పే మనిషి ఇంట్లో చప్పిడి తిండి తింటూ మొహం ముడుచుకుని కూర్చునేవాడు. తిన్నాడు మాత్రం. ఒక్క ముద్దా వదల్లేదు. ఆవిడ కళ్ళల్లో భయం చూశాక ఆయనకు వద్దనే ధైర్యం లేకపోయింది.

పొద్దున్నే ఐదున్నరకు ఇద్దరూ డిపో ప్రహరీ గోడ పక్కన నడిచేవాళ్ళు. ఆవిడ ముందు, ఈయన వెనక.

"ఏవండీ, నడుస్తున్నారా, నిలబడ్డారా?"

"నడుస్తున్నానే తల్లీ. నువ్వు పరిగెడుతున్నావు."

మొదట్లో రొప్పుకుంటూ నడిచిన మనిషి, రెండో నెలకు మాట్లాడుతూ నడవసాగాడు. పెళ్ళైన కొత్తలో చెప్పుకోవలసిన కబుర్లు కొన్ని పని తొందరలో అలాగే ఉండిపోయాయి. అవన్నీ ఇప్పుడు ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. సిగరెట్టు మానేశాడు. ఐదు కిలోలు తగ్గాడు. ఆవిడ ఆయన ప్యాంట్ల నడుములు రెండుసార్లు బిగించి కుట్టింది. కుట్టిన ప్రతిసారీ తీసేసిన గుడ్డ ముక్క చూపించి, "ఇంత తగ్గారు మీరు" అని మురిసిపోయింది.

నాలుగు నెలలైంది. కొత్త చొక్కా వేసుకుని పరీక్షకు వెళ్ళే కుర్రాడిలా మాస్టరు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. పై అంకె నూట యాభై ఎనిమిది. కింది అంకె తొంభై ఎనిమిది.

డాక్టరమ్మ మళ్ళీ కొలిచింది. రెండో చేతికి కొలిచింది. మాస్టరు భార్య నాలుగు నెలలుగా ఏ పూట ఏం తిన్నాడో నోటుబుక్కులో రాసుకొచ్చింది. డాక్టరమ్మ అది మొత్తం తిరగేసింది. "మాత్ర వేసుకుంటున్నారు, నడుస్తున్నారు, బరువు తగ్గారు. ఈ పుస్తకంలో ఉన్నది నిజమైతే ఇంత ఉండకూడదు. ఎక్కడో ఉప్పు లోపలికి పోతోంది. ఇంకో నెల చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే రెండో మాత్ర రాస్తాను. కానీ ఆ ఉప్పు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకపోతే ఎన్ని మాత్రలు రాసినా చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే" అంది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ ఆవిడ, "నిజం చెప్పండి. బయట ఏం తింటున్నారు?" అంది.

"ఏమీ తినట్లేదు."

"నాతో కూడానా?"

మాస్టరుకు ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది. "నాలుగు నెలల్నుంచి నోరు కట్టుకుని గడ్డి తిన్నట్టు తింటున్నాను. నువ్వు కట్టిచ్చిన డబ్బా తప్ప క్యాంటీన్‌లో ఒక్క మెతుకు ముట్టలేదు. కావాలంటే నీ తమ్ముణ్ణే అడుగు" అన్నాడు. తమ్ముణ్ణి అడిగింది. వాడు నెత్తిమీద చెయ్యి పెట్టుకుని, "ఒట్టు అక్కా. బావ మధ్యాహ్నం ఓ మూల కూర్చుని నీ డబ్బాయే తింటాడు. చూస్తే జాలేస్తుంది" అన్నాడు. ఆవిడకు ఇద్దరి మాటా అబద్ధమనిపించలేదు. మరి ఆ అంకె అబద్ధమాడుతోందా? ఇక లాభం లేదని దుకాణంలో ఒక రోజు సెలవు పెట్టి, తెల్లారేసరికి క్యాంటీన్ వంటింట్లో దిగింది. ఉల్లిపాయల పెట్టె ఒకటి బోర్లించి, పొయ్యిలన్నీ కనిపించేలా కూర్చుంది.

"పోలీసుల్ని కూడా పిలవాల్సింది" అన్నాడు మాస్టరు.

"నేను చాల్లెండి" అంది ఆవిడ.

ఆ రోజు ఐదు గిన్నెలు పొయ్యి మీద ఉన్నాయి. టమాటా సూపు, చిక్కుడుగింజల కూర, బంగాళాదుంపలు, గుడ్ల కూర, సాయంత్రం బండ్లెక్కేవాళ్ళకు ఇంకో సూపు. మాస్టరు గిన్నె నుంచి గిన్నెకు తిరుగుతున్నాడు. గరిటె, అరచెయ్యి, జుర్రడం, కళ్ళు మూసుకోవడం. కాసేపటికి మళ్ళీ గరిటె, అరచెయ్యి. ఆవిడ ఆయన జేబుల వంక చూస్తోంది, మూలనున్న రొట్టెల బుట్ట వంక చూస్తోంది, ఎక్కడ ఏం నోట్లో వేసుకుంటాడా అని కాచుకుని ఉంది. తొమ్మిదైనా ఏమీ దొరకలేదు. పెళ్ళైన దగ్గర్నుంచి చూస్తున్న అలవాటు కదా, ఆ అరచెయ్యి ఆవిడ కంటికే ఆనలేదు. టమాటా సూపు నాలుగోసారి జుర్రి ఆయన పెదాలు తుడుచుకున్నప్పుడు గానీ ఆ చెయ్యి ఆవిడ కంటబడలేదు.

"తమ్ముడూ, ఒక జగ్గు ఇటివ్వు" అంది.

అప్పట్నుంచి మాస్టరు అరచేతిలో ఎంత పోసుకుంటే, అదే గిన్నెలోంచి అంతే తీసి జగ్గులో పోయమని తమ్ముడికి పురమాయించింది. మాస్టరు మొదట నవ్వాడు. "ఏం చేస్తున్నావే? రుచి చూస్తున్నానంతే" అన్నాడు. పదకొండయ్యేసరికి నవ్వు ఆగింది. కూర తయారయ్యాక ఆట అయిపోలేదు. వడ్డన మొదలయ్యాక గిన్నె అడుగున ఇగురుతుంది కాబట్టి ప్రతి అరగంటకూ చూడాలి, వేడినీళ్ళు పోశాక చూడాలి, ఉప్పు వేశాక మళ్ళీ చూడాలి. రెండు గంటలకు వడ్డన బల్ల మూసేశారు. ఆవిడ జగ్గు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ముప్పావు వంతు నిండింది. పొద్దున మొదటి మూడు గంటలూ అందులో లేనే లేవు.

"లీటరు జగ్గు ఇది. లీటరు కూరకు ఎంత ఉప్పు వేస్తారు మీరు?" అంది.

ఈ ప్రశ్న నిద్రలో అడిగినా మాస్టరు చెప్పగలడు. "రెండు చిన్న చెంచాలు. కొంచెం తక్కువ..." అన్నాడు, అని అక్కడే ఆగిపోయాడు. లెక్క ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. జగ్గు వంకా తన ఎడమ అరచేతి వంకా చూసుకున్నాడు. "అది తిండి కాదే" అన్నాడు చివరికి. "వంటవాడు రుచి చూడటం తిండి కిందికి ఎవరు లెక్కేస్తారు? మా నాన్న కూడా..."

నాన్న మాట సగంలో ఆగింది. ఆయనా రోజంతా ఇలాగే అరచేత్తో జుర్రేవాడు. ఇంటికొచ్చి ఆకలి లేదంటూ పిడికెడే తినేవాడు. ఇంత తక్కువ తినే మనిషికి ఏమొచ్చిందని అందరూ ఆశ్చర్యపోయారప్పట్లో.

ఆవిడ కేకలేస్తుందనుకున్నాడు. వెయ్యలేదు. పెట్టె మీద కూర్చుని, చాలా నెమ్మదిగా, "నాలుగు నెలల్నుంచి నేనూ చప్పిడే తింటున్నాను, తెలుసా?" అంది.

మాస్టరు తలెత్తాడు.

"మీకు చప్పగా పెట్టి నేను వేరే వండుకుంటున్నాననుకున్నారా? మీరు తినలేనిది మీ ఎదురుగా నేనెలా తింటాను? ఊరందరి గిన్నెల్లో ఉప్పు చూస్తారు. ఒక్క రోజైనా నా కంచంలోంచి ఒక ముద్ద తీసి చూశారా?"

నిజంగానే ఆయన అలాగే అనుకున్నాడు. ఆవిడ కంచంలో ఉప్పుందని, పాపం తన కోసం రెండుసార్లు వండుతోందని జాలి కూడా పడ్డాడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా నాలుక పేరు చెప్పుకుని బతికిన మనిషికి, పెళ్ళాం కంచంలో ఉప్పు లేదని తెలియలేదు. ఇంతకంటే సిగ్గుపడాల్సింది ఆయన బతుకులో ఇంకోటి లేదు.

మర్నాడు పొద్దున మాస్టరు గరిటె తీసి బావమరిది చేతిలో పెట్టాడు. "ఇవాళ్టి నుంచి రుచి నువ్వు చూడు. చెంచా కొనతో, చాలా కొంచెం. నీ గుండె కూడా నాకు కావాలి."

బావమరిది హడలిపోయాడు. "నా వల్ల కాదు బావా. పోనీ, నువ్వే నోట్లో వేసుకుని ఉమ్మెయ్యి" అన్నాడు.

"నేను వండినదాన్ని నేనే ఉమ్ముతానా? ఇంకోసారి ఆ మాటంటే గరిటెతో కొడతాను."

ఉప్పు గుప్పెట్లతో కాకుండా గ్లాసుతో వెయ్యడం మొదలుపెట్టారు. గ్లాసు మీద గీతలు గీసిచ్చింది అక్కే. పనిలో పనిగా మాస్టరు వారానికి ఒక గీత దించాడు. డ్రైవర్లు కూడా రోజంతా కూర్చుని చేసే ఉద్యోగస్తులే కదా అని. ఎవరూ కనిపెట్టలేదు. కానీ ఆ ఎడమ చెయ్యి మాత్రం మాట వినలేదు. ఆవిరి ముక్కుకు తగలగానే దానంతటది పైకి లేచేది. చివరికి మాస్టరు దాన్ని జేబులో పెట్టుకుని వంట చెయ్యడం నేర్చుకున్నాడు. ఉండి ఉండి నాలుక లేని మనిషిలా అయిపోయానని ఒకటి రెండుసార్లు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా. అడిగితే ఉల్లిపాయలన్నాడు.

నెల తిరిగేసరికి డాక్టరమ్మ మెషీను నూట నలభై రెండు చూపించింది, కింది అంకె తొంభై. "దొంగ దొరికాడన్నమాట" అందావిడ. "ఇంకా దిగాలి. మాత్ర ఆపొద్దు, నడక ఆపొద్దు, ఆ చెయ్యి నోటి దగ్గరికి పోనివ్వొద్దు." ఆ రోజు తిరిగొస్తూ మాస్టరు భార్య దారిలో రెండుసార్లు ఊరికే నవ్వింది.

అంతా బాగానే ఉందనుకున్న రోజుల్లో కూరలో పడింది అసలు దెబ్బ. ఆ రోజు రెండు గ్యాసు బండలు ఒకేసారి అయిపోయి వంటిల్లు గందరగోళంగా ఉంది. చిక్కుడుగింజల కూర బావమరిది రుచి చూసి, చప్పగా ఉందని గ్లాసెడు ఉప్పు వేసి, బండ మార్చడానికి పెరట్లోకి పోయాడు. ఉప్పు ఇంకా పడలేదనుకుని మాస్టరు ఇంకో గ్లాసు వేసి కలిపాడు. ఐదు నిమిషాల తర్వాత, "చూశావా?" అని కేకేశాడు. "చూశాను బావా" అని అటు నుంచి జవాబు, ఉప్పు వెయ్యకముందు చూసినదే లెక్కలో పెట్టుకుని. పాత మాస్టరైతే ఒక్క జుర్రుతో పట్టేసేవాడు. ఈ మాస్టరు చెయ్యి జేబులో ఉంది. కూర బల్ల మీదికి వెళ్ళింది.

మొదటి ముద్ద పెట్టుకున్నది 'హారన్' అనే డ్రైవరు. ఆయన గొంతుకే ఆ పేరు. "మాస్టరూ, సముద్రం ఎత్తుకొచ్చి పోశావేంటయ్యా?" అన్నాడు డిపో అంతా వినేలా. ఆ వెనక ఒకరి తర్వాత ఒకరు. ముసలితనం వచ్చిందన్నారు, నాలుక మొద్దుబారిందన్నారు, ఈయన తండ్రి కాలంలో ఇలా ఉండేది కాదన్నారు. ఎన్నేళ్ళుగా దాచుకున్నారో గానీ అందరికీ నోరొచ్చింది. బావమరిది ముందుకొచ్చాడు. తప్పు తనదని చెప్పబోతుంటే మాస్టరు వాడి భుజం పట్టుకుని వెనక్కి లాగాడు.

"తప్పు నాదే. పావుగంట ఆగండి, సరిచేస్తాను" అన్నాడు.

గిన్నె లోపలికి తెచ్చి, ఉడికించిన బంగాళాదుంపలు మెదిపి వేసి, వేడినీళ్ళు పోసి కలిపాడు. ఇప్పుడు చూడాలి. బయట ఆకలితో జనం. ఇరవై తొమ్మిదేళ్ళ పేరు గంగలో కలుస్తోంది. ఎడమ చెయ్యి జేబులోంచి ఎప్పుడొచ్చిందో ఆయనకే తెలియదు. గరిటె వంగింది, అరచేతిలో కూర పడింది. వేడిగా ఉంది. ముక్కు దాకా తెచ్చాడు. ఒక్కసారి, ఈ ఒక్క రోజుకి. ఎవరు లెక్కపెడతారు?

అక్కడే కాసేపు నిలబడ్డాడు. తర్వాత తొట్టి దగ్గరికి వెళ్ళి, చెయ్యి వంచి, పంపు తిప్పి కడుక్కున్నాడు. కిటికీలోంచి తల బయటికి పెట్టి, "హారనూ, లోపలికి రా. నువ్వే చూసి చెప్పు, ఇంకా ఎన్ని నీళ్ళు పొయ్యాలో" అన్నాడు. వంటింట్లోకి ఏనాడూ అడుగు పెట్టనివ్వని మాస్టరు పిలిచేసరికి హారన్ చేతిలో కంచం పక్కన పెట్టాడు. టోపీ తీసి మరీ లోపలికొచ్చాడు. మూడుసార్లు చూశాడు. నాలుగోసారికి, "ఇప్పుడు తినొచ్చు మాస్టరూ" అన్నాడు, దాదాపు రహస్యం చెప్పినట్టు.

సాయంత్రం మాస్టరు ఇల్లు చేరేసరికి బావమరిది ముందే వచ్చి జరిగిందంతా అక్కకు పూసగుచ్చినట్టు చెప్పేసి, తిట్లు పడతాయేమోనని గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆవిడ తమ్ముణ్ణి ఒకటే అడిగింది. "కడిగేసుకున్నారా? నువ్వు నీ కళ్ళతో చూశావా?"

"చూశానక్కా. సబ్బు పెట్టి మరీ కడిగాడు."

వాడు వెళ్ళిపోయాక ఆవిడ బల్ల మీద క్యారెట్టు కూరా రొట్టెలూ పెట్టి, ఆయన ఎదురుగా కూర్చుంది. "పేరు పోయిందని బాధగా ఉందా?" అంది.

"ఉంది. చాలా ఉంది" అన్నాడు మాస్టరు. దాచలేదు.

"మరి ఎందుకు కడిగేశారు? నేనక్కడ లేనుగా. నాకెలా తెలుస్తుంది?"

మాస్టరు రొట్టె తుంచి చేతిలోనే పట్టుకున్నాడు. "చెయ్యి నోటి దాకా వచ్చాక ఈ బల్ల కనిపించింది" అన్నాడు. "నా కుర్చీ ఖాళీగా ఉంది. నువ్వొక్కదానివే కూర్చుని తింటున్నావు. నేను లేకపోయినా, నాకోసం అలవాటు చేసుకున్న ఆ చప్పిడి తిండే తింటున్నావు. నాకు చూడబుద్ధి కాలేదు."

ఆవిడ తల దించుకుంది. మెడలో టేపు తీసి చుట్ట చుట్టింది, మళ్ళీ విప్పింది. మాస్టరు చెయ్యి చాచి ఆవిడ కంచంలోంచి ఒక ముద్ద తీసుకున్నాడు. కళ్ళు మూసుకుని, తొందర లేకుండా నమిలాడు. ఆవిడ ఆయన మొహం వంకే చూస్తూ కూర్చుంది.

"ఎలా ఉంది?" అంది.

"క్యారెట్టు తియ్యగా ఉంది" అన్నాడు మాస్టరు. "ఇంకో ముద్ద పెట్టు."